పొట్టేలుకు మత్తు: రెండు మందులు ఎందుకు?

సందేహం: మా పొట్టేలు 30 కిలోలు ఉంటుంది. కొమ్ము మెలి తిరిగి చెంపలోకి దిగుతోంది. కోయాలంటే రెండు రకాల మత్తుమందులు ఇవ్వాలని డాక్టరు గారన్నారు. ఒకే మందు కాస్త ఎక్కువేస్తే సరిపోదా? పోయినేడు మా ఊళ్లో ఒకాయన సొంతంగా మత్తు సూది వేయిస్తే మేక మళ్లీ లేవలేదు.
– ఒక రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

సమాధానం: ఆ మేకకు బహుశా మోతాదు మించి ఉంటుంది. మత్తుకు వాడే జైలజిన్‌ను గొర్రెలు, మేకలు అసలు తట్టుకోలేవు. కుక్కకు కండలో కిలో బరువుకు 1 నుంచి 2 మి.గ్రా. ఇస్తారు, గొర్రెకు 0.1 చాలు. ఒక జీవి లెక్క ఇంకో జీవికి పనికిరాదు.

మీ పొట్టేలుకు కావలసింది 3 మి.గ్రా. సీసాలో మి.లీ.కు 20 మి.గ్రా. ఉంటే అది 0.15 మి.లీ. మాత్రమే. పెద్ద సిరంజిలో ఇంత చిన్న కొలత తెలియదు, 1 మి.లీ. సిరంజే వాడాలి. 'ఒక మి.లీ. వేద్దాంలే' అనుకుంటే దాదాపు ఏడు రెట్లు పడినట్టే. మి.లీ.కు 100 మి.గ్రా. ఉండే సీసాలూ ఉన్నాయి, దానితో పొరపడితే చెప్పనక్కర్లేదు. ఊపిరి మందగిస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. గొర్రెల్లో సరైన మోతాదుకే ఒక్కోసారి ఇలా జరుగుతుంది కాబట్టి దగ్గు, రొప్పు ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

ఇక రెండో మత్తుమందు కీటమిన్ సంగతి. జైలజిన్ ఒక్కటే ఇస్తే నిద్రపోయినట్టే ఉండి, రంపం తగలగానే ఎగిరి లేస్తుంది. కీటమిన్ ఒక్కటే ఇస్తే కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, జొల్లు కారుతుంది. ముందు జైలజిన్ వేసి, పది నిమిషాలాగి కీటమిన్ కిలోకు 5 మి.గ్రా. ఇస్తే కండలు సడలి, 20–30 నిమిషాలు నొప్పి తెలియకుండా పని జరుగుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి. మత్తెక్కలేదని ఇంకో సూది వేయమనకండి. చూలు గొర్రెకైతే జైలజిన్ గర్భసంచిని బిగిస్తుంది, అందుకే దాని బదులు డయజిపామ్ వాడతారు.

మీ పని ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. వేరుశనగ కట్టె, దాణా ఏదీ పెట్టొద్దు, రాత్రి నుంచి నీళ్లూ ఆపండి. ఎండ ముదరకముందే, తెల్లవారగానే కోయించండి. కడుపు నిండి ఉంటే నెమరు గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లో పడుతుంది. ఎడమ డొక్క పైకుండేలా పడుకోబెట్టి, మెడ కింద గోనెసంచి మడిచి పెట్టి, నోరు కిందికి వాలేట్టు చూడండి. డొక్క ఉబ్బుతుంటే వెంటనే చెప్పండి. పనయ్యాక రొమ్ము మీద కూర్చోబెట్టి నీడలో ఉంచండి, తూలకుండా నిలబడ్డాకే మేత.

జైలజిన్‌కు యోహింబిన్ విరుగుడు, కీటమిన్‌కు విరుగుడు లేదు. తొందరపడి విరుగుడిస్తే కీటమిన్ ఒక్కటే మిగిలి పొట్టేలు కాళ్లు కొట్టుకుంటుంది. అందుకే అరగంట ఆగాలి.

కీటమిన్ 2013 నుంచి షెడ్యూల్ ఎక్స్ (అమ్మకంపై గట్టి కట్టడి ఉన్న జాబితా) మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మరు. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. డాక్టరు వచ్చేలోగా పొట్టేలును కాటా వేసి ఉంచండి, చూపు అంచనా నమ్మొద్దు. చెంపలో దిగింది రక్తం పారని కొన మాత్రమే అయితే, వైరు రంపంతో ఆ కొన తీసేస్తే చాలు, మత్తే అక్కర్లేకపోవచ్చు. అది చూసి చెప్పమని డాక్టరు గారిని ముందే అడగండి.