మేకింగ్ వీడియోలో చెయ్యి ఉంది, మొహం లేదు

సినిమా మేకింగ్ డాక్యుమెంటరీల్లో ఆడవాళ్లు, చిన్న పనులు చేసేవాళ్లు ఎందుకు కనిపించరని ఒకరు నన్ను అడిగారు. సెట్లో వాళ్లు తక్కువమందే ఉంటారని చాలామంది అనుకుంటారు. అది తప్పు. వాళ్లు ఉంటారు. కెమెరా వాళ్లవైపు తిరగదు, తిరిగినా ఎడిటింగ్‌లో పోతారు. నాలుగేళ్లు హైదరాబాద్‌లో మేకింగ్ వీడియోలు తీసి, ఎడిట్ చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఒక సినిమాకి ఊరి శివార్లలో నైట్ షూట్, వాన సీను. మూడో టేక్‌లో హీరోయిన్ చీర అంచు గుమ్మం మేకుకి తగులుకుని జానెడు చిరిగింది. అలాంటి చీర రెండోది లేదు, విప్పి మార్చే టైమూ లేదు. కాస్ట్యూమ్స్‌లో పనిచేసే అక్క ఆ బురదలోనే కూర్చుని, ఫోన్ టార్చి పళ్ల మధ్య పట్టుకుని, కట్టుకున్న చీరకే కుట్టు వేయడం మొదలుపెట్టింది. మైకులో "ఇంకా ఎంతసేపు" అని అరుపులు. ఆమె వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడ్డాయి. సూది గుచ్చుకుంటే, రక్తం చీరకి అంటకుండా వేలు తన చున్నీకి తుడుచుకుంది. ఆ సీను సినిమాలో ఉంది. ఎంత వెతికినా కుట్టు కనపడదు.

నేనదంతా తీశాను. తర్వాత టీ తాగుతూ చెప్పింది, అసలు తను మేకప్ నేర్చుకుందామని వచ్చిందట. ఆడవాళ్లకి హెయిర్ డ్రెస్సింగే, మేకప్ మగవాళ్ల పని అన్నారట. ముంబైలోనైతే ఆడవాళ్లకి మేకప్ ఆర్టిస్ట్ కార్డు, అంటే సభ్యత్వం, ఇవ్వకూడదని అక్కడి సినిమా మేకప్ వాళ్ల అసోసియేషన్ దశాబ్దాలపాటు రూలే పెట్టుకుంది. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్ట్ కోర్టుకి వెళితే, 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ రూలు కొట్టేసింది. మేకప్ గురించి ఇన్ని మేకింగ్ వీడియోలు వస్తాయి కదా, ఈ సంగతి ఒక్కదాంట్లోనూ నేను చూడలేదు.

"తమ్ముడూ, వీడియో ఎప్పుడొస్తుందో చెప్పు, మా పాపకి చూపిస్తా" అంది అక్క. నలభై సెకన్లు పెట్టి పంపాను. ఫైట్ రిహార్సల్ పెంచి అది తీసెయ్యమన్నారు. గట్టిగా వాదించాల్సింది, వాదించలేదు. చివరికి మిగిలింది రెండు సెకన్ల చెయ్యి. వీడియో వచ్చాక అక్క ఫోన్ చేసింది. గాజులు చూసి పాప గుర్తుపట్టిందట. ఆ సంతోషానికి ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు.

ఇంకో బాధ, మ్యూజిక్. లైట్‌మ్యాన్ తన పని గురించి చక్కగా చెబుతుంటే దాని మీద డప్పులు వేసేస్తారు. పెదాలు కదులుతాయి, మాట వినపడదు. మాట్లాడేది హీరో అయితే మాత్రం మ్యూజిక్ తగ్గుతుంది.

ఇలాంటివి జనం చూడరని నిర్మాతలు అంటారు. 2024 డిసెంబరులో ఆర్ఆర్ఆర్ మేకింగ్ డాక్యుమెంటరీ ఏకంగా థియేటర్లలోనే వేశారు. చూసేవాళ్లు లేకపోతే వేస్తారా?

మేకింగ్ తీసే కుర్రాళ్లకి ఒక్క మాట. పని చేస్తున్న మనిషిని తీస్తే, అక్కడే కెమెరా ముందు పేరు, ఊరు, చేసే పని చెప్పించండి. రోజు కూలీకి వచ్చినవాళ్లు రేపు ఇంకో సెట్లో ఉంటారు. ప్యాకప్ అయ్యాక ప్రొడక్షన్ వాళ్లని అడిగితే "ఆ కాస్ట్యూమ్స్ ఆవిడ" అంటారు తప్ప పేరు చెప్పలేరు.