ఆవాల దిండు తీసేయండి

తల గుండ్రంగా రావాలని మీ అత్తయ్యగారు మూడు నెలల పాపకి ఆవాల దిండు పెడుతున్నారని, ఏం చేయాలని అడిగారు కదా. తీసేయండి. మెత్తటి దుప్పట్లు, బొమ్మలు కూడా. ఏడాది నిండేదాకా గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలానే పడుకోబెట్టాలి, మీ గదిలోనే, కానీ వేరే పక్క మీద. పాలు కక్కితే పొలమారుతుందని పెద్దవాళ్ల భయం. నిజానికి వెల్లకిలా ఉంటే శ్వాసనాళం అన్నవాహికకి పైన ఉంటుంది, కాబట్టి కక్కిన పాలు అందులోకి సులువుగా వెళ్లవు. 1992లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ బోర్లా వద్దని చెప్పాక, అక్కడ నిద్రలో హఠాత్తుగా చనిపోయే పిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది.

తలకైతే, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లెదుట కాసేపు బోర్లా వేయండి. చెన్నై ఉక్కకి పల్చటి నూలు చొక్కా చాలు, టోపీ వద్దు. మా అత్తయ్య నా మాట వినలేదు. డాక్టరుగారి చేత చెప్పించాకే దిండు అటకెక్కింది!