ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానం ల్యాండింగ్ లైట్లు రిమోట్ స్విచ్‌కి ఎందుకు ఆరడం లేదు?

విమానంలో రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌లో ఖాళీ ఛానల్‌కి రెండు తెల్ల ఎల్‌ఈడీలు తగిలించానని, స్విచ్ వేసినా తీసినా వెలుగుతూనే ఉన్నాయని అడిగారు.

ఆ ఛానల్‌లో ప్లస్, మైనస్ తీగల మధ్య కరెంటు ఎప్పుడూ ఉంటుంది, మామూలుగా 5 వోల్టులు. స్విచ్ మార్చేది మూడో తీగలోని సిగ్నల్‌ని మాత్రమే: పల్స్ వెడల్పు సుమారు 1000 నుంచి 2000 మైక్రోసెకన్లకు మారుతుంది. అది సర్వోకి (రెక్కల పలకల్ని కదిపే చిన్న మోటారు) తెలిసే భాష, ఎల్‌ఈడీకి కాదు. కాబట్టి మధ్యలో ఆ పల్స్ చదివి కరెంటు వదిలే ఆర్‌సీ ఎలక్ట్రానిక్ స్విచ్ పెట్టండి. చిన్న బోర్డే, బరువేమీ ఉండదు.

రెసిస్టర్ మాత్రం మరవద్దు. తెల్ల ఎల్‌ఈడీ 3.2 వోల్టులు తీసుకుంటే మిగిలేది 1.8; 20 మిల్లీఆంపియర్లకి లెక్క 90 ఓమ్‌లు, 100 ఓమ్‌లది వేయండి. ఒక్కోదానికి విడిగా వేయాలి. రెండూ వరసగా కలిపితే 6.4 వోల్టులు కావాలి, 5తో సరిగ్గా వెలగవు.

1 వాట్ ఎల్‌ఈడీలైతే ఒక్కోటి 350 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. వాటిని రిసీవర్ మీద వేయకండి, విడి బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే చిన్న సర్క్యూట్) ఇవ్వండి. రిసీవర్‌కి వోల్టేజీ పడిపోతే విమానమే చేతిలో ఉండదు.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఎగరేస్తుంటే ఉప్పుగాలికి అతుకులు చిలుము పడతాయి. ప్రతి అతుకుకీ వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. నేనైతే లైట్లని ఫ్లాప్ (దిగేటప్పుడు కిందికి వంచే రెక్క పలక) స్విచ్‌కే కలుపుతాను: సాయంత్రం కొబ్బరి చెట్ల నీడ చేల మీద పడ్డాక, దిగేటప్పుడు ఇంకో స్విచ్ వెతుక్కోనక్కర్లేదు.