చేతివాటమా, చేతికి వాటమా?

సందేహం: నలభై ఏడో ఏట గురువు లేకుండా పియానో నేర్చుకుంటున్నాను. ఏ కార్డుకు (ఒకేసారి మోగించే స్వరాల గుంపుకు) ఏ వేళ్ళు సులువో నోటు పుస్తకంలో తెలుగులోనే రాసుకుంటున్నాను. ‘ఈ వేళ్ళు నాకు చేతివాటంగా ఉన్నాయి’ అని రాస్తే మా ఆవిడ తప్పంది. వాటం అంటే అనువే కదా? ఇంకొకటి, నాలుగో వేలంటే నాకు ఉంగరపు వేలు. వయొలిన్ నేర్చుకున్న ఆమెకు చిటికెన వేలు. ఎవరిది సరి?

సమాధానం: వాటం అంటే అనువే. ‘కొడవలి చేతికి వాటంగా ఉంది’ అంటాం. ఎడమచేతివాటంలోనూ ఆ అర్థమే. కానీ కుడి ఎడమల ప్రసక్తి లేకుండా ఒట్టి ‘చేతివాటం’ అంటే వాడుకలో చిల్లర దొంగతనం. ‘కొట్లో చేతివాటం చూపించాడు’ అంటే ఎవరూ మెచ్చుకోలు అనుకోరు. కాబట్టి ‘చేతికి వాటంగా’ అని విడదీసి రాయండి. ‘వేళ్ళ వాటం’ అన్నా బాగుంటుంది. మీ పనికి ఇంతకన్నా మంచి మాట నాకు తోచదు.

అయితే వాటాన్నీ అలవాటునీ ఒకటిగా చూడకండి. సొంతంగా నేర్చుకునేవారికి ఈ తేడా చాలా అవసరం. కుడిచేత్తో సి-ఇ-జి స్వరాలు పట్టడానికి 1-3-5 వేళ్ళు (బొటనవేలు 1, చిటికెన వేలు 5) హాయిగా ఉంటాయి, మెట్ల (పియానో మీద నొక్కే పలకల) మధ్య ఎడం సమానం కనుక. అవే స్వరాలను ఇ-జి-సిగా తిప్పితే, ఇ-జిల నడుమ తెల్లమెట్టు ఒక్కటే, జి నుంచి పై సి వరకు రెండు. ఇక్కడ 1-2-5 వాటం. అలవాటుకొద్దీ నడిమివేలే వేస్తే చెయ్యి బిగుస్తుంది. పక్క కార్డు కూడా చూసుకోవాలి: సి-ఇ-జి నుంచి బి-డి-జికి 1-2-5తో వెళ్తే జి మీది చిటికెన వేలు కదలనక్కర్లేదు. ఎడమచేతికి లెక్క వేరు. జి-సి-ఇకి అక్కడ 5-2-1 ఒదుగుతుంది.

ఇక నాలుగో వేలు. ఇద్దరిదీ సరే. పియానోలో బొటనవేలు 1. వయొలిన్‌లో ఎడమచేతి బొటనవేలు వాద్యం మెడను పట్టుకునే ఉంటుంది కాబట్టి చూపుడువేలు 1 అవుతుంది. పియానోకే ఒకప్పుడు ఇంగ్లండు ముద్రణల్లో బొటనవేలికి కూడిక గుర్తు వేసి, చూపుడువేలి నుంచి లెక్కపెట్టేవారు. పాత పుస్తకం చేతికొస్తే ముందు అది చూడండి. మీ నోటులో మాత్రం అంకె పక్కన వేలి పేరు రాసుకోండి: బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. అప్పుడు మీ ఆవిడ చదివినా అదే వేలు పడుతుంది.