గ్రూపు కంపెనీల ఖాతాలు, పలు కరెన్సీలు: ముందు ఏది నేర్చుకోవాలి?

ప్రశ్న: కామర్స్ డిగ్రీ తర్వాత ఒక సంస్థలో పద్దులు చూస్తున్నాను. మా సంస్థ ఇప్పుడు వేరే దేశాల్లో అనుబంధ సంస్థలు పెడుతోంది. అన్నింటికీ కలిపి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను సిద్ధం చేసే బృందంలోకి నన్ను రమ్మంటున్నారు. కంపెనీల మధ్య లావాదేవీలు, పలు కరెన్సీల లెక్కలు నాకు కొత్త. ఒప్పుకోవచ్చా? ముందుగా ఏ సాఫ్ట్‌వేర్ కోర్సు చేయాలి?

జవాబు: తప్పకుండా ఒప్పుకోండి. రోజువారీ పద్దులు రాయగలిగేవారు చాలామంది ఉంటారు. రెండు కంపెనీల పుస్తకాలు ఎందుకు కలవడం లేదో వెతికి చెప్పగలిగేవారు మాత్రం అరుదు. అది చేతికొస్తే గ్రూపు అకౌంటెంట్‌గానూ, సాఫ్ట్‌వేర్ అమలు చేసే కన్సల్టెంట్‌గానూ ఎదగవచ్చు.

అయితే కోర్సు కోసం ఇప్పుడే పరుగెత్తకండి. శాప్, నెట్‌సూట్, డైనమిక్స్ వంటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లలో తెరలు వేరుగా ఉన్నా లోపల నడిచే లెక్క ఒక్కటే. ఆ లెక్కను ముందు కాగితం మీద చేయండి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల్లో దీనికి ఆధారం ఐఏఎస్ 21, అంటే విదేశీ కరెన్సీ మారకపు రేట్ల మార్పులను ఖాతాల్లో ఎలా చూపాలో చెప్పే ప్రమాణం. మీకు వర్తించే స్థానిక ప్రమాణాన్ని కూడా దాని పక్కన పెట్టుకుని చదవండి.

ఒక ఉదాహరణ చూద్దాం. మాతృ సంస్థ పుస్తకాలు డాలర్లలో, అనుబంధ సంస్థవి యూరోల్లో ఉన్నాయి. మాతృ సంస్థ తన సేవలకు 10,000 డాలర్ల ఇన్‌వాయిస్ పంపింది. ఆ రోజు ఒక యూరోకు 1.10 డాలర్లు. కాబట్టి అనుబంధ సంస్థ పుస్తకాల్లో బాకీ 9,090.91 యూరోలు. నెలాఖరుకు యూరో 1.05 డాలర్లకు పడిపోయింది. బాకీ డాలర్లలోనే తీర్చాలి కనుక అది 9,523.81 యూరోలకు పెరుగుతుంది. తేడా 432.90 యూరోలు మారకపు నష్టం. మాతృ సంస్థకు అది సొంత కరెన్సీ బాకీ కాబట్టి అక్కడ ఏ తేడా రాదు.

ఇక రెండు పుస్తకాలను కలిపినప్పుడు, 9,523.81 యూరోలను 1.05తో డాలర్లలోకి మారిస్తే సరిగ్గా 10,000 వస్తుంది. రావలసినది, ఇవ్వవలసినది పరస్పరం రద్దవుతాయి. నష్టం మాత్రం రద్దు కాదు, గ్రూపు లాభనష్టాల్లో నిలిచే ఉంటుంది. కొత్తవాళ్లలో చాలామంది ఇక్కడే తికమకపడి దాన్ని కూడా కొట్టేస్తారు. గ్రూపు నిజంగానే మారకపు ప్రమాదానికి లోనైంది కాబట్టి ఆ నష్టం ఉండాల్సిందే. సమీప భవిష్యత్తులో తిరిగి చెల్లించే ఉద్దేశం లేని అప్పు, అంటే పెట్టుబడిలో భాగంగా చూసే అప్పు అయితే, కలిపిన ఖాతాల్లో ఆ తేడా ఇతర సమగ్ర ఆదాయంలోకి, అంటే లాభనష్టాలకు బయట విడిగా చూపే భాగంలోకి, వెళ్తుంది.

ఇప్పుడు, అనుబంధ సంస్థ నెలాఖరు పునర్మూల్యాంకనం, అంటే బాకీని నెలాఖరు రేటుతో మళ్లీ లెక్కించడం, మరచిపోయిందనుకోండి. 9,090.91ని 1.05తో గుణిస్తే 9,545.46 డాలర్లే వస్తాయి. 454.54 డాలర్ల తేడా కనిపిస్తుంది. అలాంటి అంకెను చూడగానే ఎవరు ఏ పని వదిలేశారో మీకు స్ఫురించాలి. మీ ఉద్యోగానికి విలువ తెచ్చేది ఈ నేర్పే.

సాఫ్ట్‌వేర్ అమరికలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ప్రతి కంపెనీ ఫంక్షనల్ కరెన్సీ. కంపెనీ ఎక్కడ నమోదైంది, యజమాని ఏది కోరుకుంటున్నాడు అన్నవి దాన్ని నిర్ణయించవు. అది ప్రధానంగా ఏ ఆర్థిక వాతావరణంలో డబ్బు సంపాదించి ఖర్చు పెడుతుందన్నదే నిర్ణయిస్తుంది. ఇక్కడ తొందరపడకండి, ఎందుకంటే పద్దులు పడ్డాక చాలా సాఫ్ట్‌వేర్లు మూల కరెన్సీని, అంటే ఆ కంపెనీ పుస్తకాలు నడిచే కరెన్సీని, మార్చనివ్వవు. క్విక్‌బుక్స్ ఆన్‌లైన్‌లో బహుళ కరెన్సీ సదుపాయాన్ని ఒకసారి తెరిస్తే మళ్లీ మూయలేరు.

తర్వాతది రేట్ల పట్టిక. రేటు ఏ దిశలో ఇస్తున్నారో చూసుకోండి. ఒక యూరోకు 1.10 డాలర్లు అనాల్సిన చోట ఒక డాలరుకు 1.10 యూరోలు అని పడితే, పై బాకీ 11,000 యూరోలుగా కూర్చుంటుంది. అంకె నమ్మదగినట్టే ఉంటుంది కాబట్టి ఈ తప్పు నెలల తరబడి దాగి ఉండగలదు. రోజువారీ, నెలాఖరు, సగటు రేట్లను వేరువేరుగా పెట్టుకోండి. అనుబంధ సంస్థ పుస్తకాలను గ్రూపు కరెన్సీలోకి మార్చేటప్పుడు ఆస్తి అప్పులకు నెలాఖరు రేటు, ఆదాయ వ్యయాలకు లావాదేవీ నాటి రేటు లేదా తగిన సగటు వాడతారు.

గ్రూపు కంపెనీల బాకీలను బయటి ఖాతాదారుల బాకీలతో కలపకండి. వాటికి ప్రత్యేక ఖాతాలుండాలి, ప్రతి పద్దు మీదా ఎదుటి కంపెనీ కోడ్ తప్పనిసరిగా పడాలి. అది లేకపోతే రద్దు చేసే దశలో చేతితో వెతుక్కోవాల్సి వస్తుంది. చేతికొచ్చిన మారకపు లాభనష్టాలకు ఒక ఖాతా, ఇంకా రానివాటికి మరొకటి తెరవండి.

ఇవన్నీ కాగితం మీద తేలాక కోర్సుకు వెళ్లండి. అదీ మీ సంస్థ ఎంచుకున్న సాఫ్ట్‌వేర్‌దే. ఈలోగా ఏదైనా ఉచిత ట్రయల్ వెర్షన్‌లో రెండు ఊహా కంపెనీలు సృష్టించి, పై ఉదాహరణను ఇన్‌వాయిస్ నుంచి చెల్లింపు దాకా నడపండి. సాఫ్ట్‌వేర్ చూపిన అంకె మీ కాగితం అంకెతో కలవకపోతే, కారణం దొరికేదాకా వదలకండి.

బృందంలో చేరగానే మూడు విషయాలు అడిగి రాతపూర్వకంగా తీసుకోండి: నెలాఖరు రేటు ఎవరు, ఏ ఆధారంతో నిర్ణయిస్తారు? అన్ని కంపెనీలూ ఒకే రోజున పుస్తకాలు మూస్తాయా? రెండు వైపుల పద్దులు కలవకపోతే సరిదిద్దాల్సింది ఎవరు?