చొక్కా గుండీ పెట్టుకోడానికి ఇంత చదువా?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా అమ్మాయి ఆక్యుపేషనల్ థెరపీ చదువుతానని పట్టుబట్టి కూర్చుంది. సరే తెలుసుకుందామని ఆ కోర్సు చదివే ఒకమ్మాయిని అడిగితే, ఈ వారం ఒంటిచేత్తో చొక్కా తొడుక్కోవడం నేర్చుకున్నాం ఆంటీ అంది. నాకైతే గుండె జారింది, దీనికి ఏళ్లకేళ్లు కాలేజీకి పోవాలా అని. అసలు వీళ్లకి నేర్పేదేంటి? ఫిజియోథెరపీకీ దీనికీ తేడా ఏంటి? – ఒక తల్లి

జవాబు: ముందు మీరొక పని చేయండమ్మా. మీ వాటం చెయ్యి ఒళ్లో పడేసి, అది ఇక కదలదు అనుకుని రెండో చేత్తో ఒకే ఒక్క గుండీ పెట్టి చూడండి. గుడ్డ జారిపోతుంది, గుండీ కాజాలోకి సగం దూరి మళ్లీ వెనక్కొచ్చేస్తుంది, రెండు నిమిషాలకే చిరాకొచ్చేస్తుంది కదా. పక్షవాతం వచ్చిన మనిషికి రోజూ పొద్దున్నే ఇదే పరిస్థితి, పైగా పక్కన ఎవరో నిలబడి చూస్తుంటారు.

మీ అమ్మాయి చదవబోయేదంతా ఆ గుండీలోనే ఉందండి. బొటనవేలు మిగతా వేళ్లకి ఎదురొస్తేనే గుండీ చేతికి చిక్కుతుంది, అలా ఎదురు రావాలంటే మీడియన్ నర్వ్ అనే నరం బాగుండాలి, అందుకని అనాటమీ. కొందరికి చెయ్యి కదులుతుంది గానీ మెదడులో దెబ్బ తగిలిన చోటుని బట్టి చొక్కాకి ముందేదో వెనకేదో తెలీదు, ఇంకొందరు ఎడమ పక్క అనేది ఒకటుందనే మర్చిపోయి ఆ చెయ్యి తొడుక్కోకుండానే అయిపోయింది అంటారు, అందుకని న్యూరాలజీ. ఒంట్లో ఏ లోపమూ లేకపోయినా డిప్రెషన్‌లో ఉన్న మనిషికి లేచి చొక్కా మార్చుకోవాలనే అనిపించదు, అందుకని సైకాలజీ, సైకియాట్రీ. ఇలా ఒక పనిని విడగొట్టి, ఎక్కడ ఆగిపోతోంది, ఎందుకు ఆగిపోతోంది అని చూడ్డాన్ని యాక్టివిటీ ఎనాలిసిస్ అంటారు. నన్నడిగితే ఈ చదువుకి ప్రాణం అదే, మిగతా సబ్జెక్టులన్నీ దాని కోసమే.

ఆ అమ్మాయి చెప్పిన క్లాసు కూడా తేలికది కాదు. తొడిగేటప్పుడు పట్టు తప్పిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. వినడానికి ఒక్క ముక్కే, కానీ స్టూడెంట్స్ ఒకరి మీద ఒకరు చేసి చూసుకుంటే గానీ ఒంటికి పట్టదు.

తేడా అంటారా, ఫిజియో వాళ్ల దృష్టి ఎక్కువగా కదలిక, బలం, నడక మీద ఉంటుంది, మావాళ్లు ఆ మనిషి తన రోజుని తాను ఎలా గడుపుకుంటాడు అన్నది చూస్తారు. చాలా చోట్ల ఇద్దరి పనీ కలుస్తుంది, ఒకే పేషెంట్ దగ్గర కలిసే పనిచేస్తారు కూడా. పేరులో ఆక్యుపేషన్ అని ఉంది కదా అని ఉద్యోగాలకి సంబంధించింది అనుకోకండి, స్నానం దగ్గర్నుంచి ఆఫీసు పని దాకా మనిషి చేసుకునేవన్నీ అందులోకే వస్తాయి, చిన్నపిల్లలకైతే ఆటే వాళ్ల ఆక్యుపేషన్.

ప్రశ్న: మొదటి సంవత్సరంలో ఉన్నానండి. ఎముకల పేర్లు, కండరాల పేర్లు బట్టీ పట్టీ పట్టీ విసుగొస్తోంది. చేత్తో పని చేసేది ఎప్పుడు? – ఒక విద్యార్థి

జవాబు: ఓపిక పట్టు బాబూ, స్ప్లింట్, అంటే చేతిని సరైన తీరులో పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ, చేసే రోజు నీకే తెలుస్తుంది ఆ పేర్లెందుకో. ముందు చెయ్యి గీసుకుని పేపర్ ప్యాటర్న్ కత్తిరిస్తాం, ప్లాస్టిక్ షీటుని 65 నుంచి 75 డిగ్రీల వేడి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది, తుడిచి, వేడి చూసుకుని చేతి మీద పరిచి, గట్టిపడేలోపు ఆకారం తెచ్చేయాలి, ఆలోచించుకునే టైం ఉండదు. నా మొదటి స్ప్లింట్ చూడ్డానికి చాలా బావొచ్చింది, నేను తెగ మురిసిపోయాను, తీరా మా ఫ్రెండ్‌ని పిడికిలి మూయమంటే మూయలేకపోయింది. అరచేతిలో వేళ్ల మొదళ్లకి కొంచెం కింద అడ్డంగా ఒక గీత ఉంటుంది చూడు, వేళ్లు మడవాలంటే స్ప్లింట్ ఆ గీత దాటి పైకి పోకూడదు, నాది దాటేసింది. మణికట్టు దగ్గర చిటికెనవేలు వైపు ఎముక బొడిపె మీద ఎర్రగా అచ్చు కూడా పడింది. పరీక్షలో ఆ ఎముక పేరు నేను కరెక్ట్‌గానే రాశాను!

ఇంకో మాట, వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్స్ పెట్టిన ప్రమాణాల ప్రకారం కోర్సులో కనీసం 1000 గంటలు ఫీల్డ్‌లో పనిచేయాలి. కాబట్టి చేతికి పని లేదన్న బెంగ అక్కర్లేదు.

ప్రశ్న: పోస్టింగ్స్‌లో, అంటే ఆసుపత్రిలో పేషెంట్ల దగ్గర పని నేర్చుకుంటూ, ఉన్నాను మేడమ్. నేను చేయించేవన్నీ ఒకావిడ ముక్తసరిగా చేసి తల తిప్పేసుకుంటారు. నా వల్ల తప్పేమైనా జరుగుతోందా?

జవాబు: ఒక్కటి అడుగుతానమ్మా, ఆవిడకేం కావాలో ఆవిడని అడిగావా?

నేను అడగలేదు, నీలాగే. పోస్టింగ్‌లో ఒకావిడ ఉండేవారు, కుడి చేతి వేళ్లలో పట్టు తగ్గింది. బార్తెల్ ఇండెక్స్ అని 1965 నుంచీ ఉన్న స్కేలు నీకు తెలిసిందే, తినడం, స్నానం, బట్టలు, మెట్లెక్కడం ఇలా 10 పనులు, ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో చూసి మొత్తం 100 మార్కులకి వేస్తాం. ఆవిడకి 90 వచ్చింది, ఇంకేం బాగానే ఉన్నారు కదా అని మూడు రోజులు గుండీలే చేయించాను. నాలుగో రోజు మా సీనియర్ వచ్చి పక్కన కూర్చుని, ఇంటికెళ్లాక ఏ పని చేసుకోలేకపోతే మీకు బాధగా ఉంటుందండీ అనడిగారు. పాపకి జడ వేయాలి అన్నారావిడ, వెంటనే. బార్తెల్‌లో జడకి మార్కుల్లేవు. మనిషి తనకి ముఖ్యమైన పని తానే చెప్పి, ఎలా చేయగలుగుతున్నాను, ఎంత తృప్తిగా ఉంది అని రెంటికీ 1 నుంచి 10 వేసుకునే పద్ధతి ఇంకోటుంది, కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్. ఆవిడ జడకి రెండిట్లోనూ 1 వేసుకున్నారు.

కుర్చీ వెనక మూడు గుడ్డ పేలికలు కట్టి మొదలుపెట్టాం, ముందు లావువి, తర్వాత సన్నవి. మొదటి జడ ఊడిపోయింది, మళ్లీ తనే విప్పి అల్లుకున్నారు. గుండీల దగ్గర పది నిమిషాలు కూడా కూర్చోని మనిషి ఆ రోజు గంట సేపు లేవలేదు, ఆపుదామా అంటే ఇంకొక్కసారి అన్నారు.