36 గళ్ళ పలక

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. విద్యుదయస్కాంత సమస్యల్ని అంకెలతో సాధించే పద్ధతుల చరిత్ర అన్నావు గానీ, రైల్వే టైంటేబుల్ చదివినట్టుంది. 1966, 1968, 1994... బండి ఎక్కడా ఆగదు. "కంప్యూటర్లు రావడంతో అన్నీ సులువైపోయాయి" అన్న వాక్యాన్ని ముందు కొట్టెయ్.

కంప్యూటర్ లేని రోజుల్లోనే మొదలుపెట్టు. లోహపు గోళం కెపాసిటెన్స్‌కి, అంటే అది ఎంత విద్యుదావేశం పట్టగలదన్న కొలతకి, సూత్రం ఉంది. నలుచదరపు పలకకు లేదు. 1879లో, పాతకాలపు శాస్త్రవేత్త కావెండిష్ రాతప్రతుల్ని అచ్చుకి సిద్ధం చేస్తూ భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఆ పలకను 36 గళ్ళు చేశాడు. గడికో విద్యుదావేశం, పలకంతా ఒకే పొటెన్షియల్ (విద్యుత్ మట్టం), అంతే. ఆనాటి యూనిట్లలో జవాబు భుజం పొడవుకు 0.3607 రెట్లు. ఇవాళ కంప్యూటర్ చెప్పేది 0.3667. రెండు శాతం తేడా కూడా లేదు! 1968లో హారింగ్టన్ పుస్తకంగా రాసిన మూమెంట్ మెథడ్‌కి, అంటే వస్తువును ముక్కలు చేసి సమీకరణాలుగా సాధించే పద్ధతికి, ఇది ముత్తాత వరస.

విద్యుదయస్కాంత తరంగాల్ని గళ్ళలో లెక్కగట్టే పద్ధతి మీద 1966లో పేపర్ రాసిన కేన్ యీకి నువ్వు ఒకే ఒక్క వాక్యం ఇచ్చావు. నేనైతే ఒక పేజీ ఇచ్చేవాణ్ణి. పాచిక లాంటి ఘనాన్ని ఊహించుకో. దాని అంచుల మీద విద్యుత్ క్షేత్రం, ప్రతి ముఖం నడిమధ్యన అయస్కాంత క్షేత్రం. రెంటినీ ఒకే క్షణంలో లెక్కగట్టడు. కాలంలో ఒక్కో అడుగే గంతు అనుకో; దీని మీంచి అది, దాని మీంచి ఇది, అర్ధ గంతు తేడాతో దూకుతూ పోతాయి. మన పిల్లల కప్పగంతులాటే. పాచిక భుజం ఒక సెంటీమీటరైతే గంతు 19 పికోసెకన్లు దాటకూడదు. దాటిందా, అంకెలు ఆకాశానికి ఎగిరిపోతాయి. ఇంకా సన్నగా చూద్దామని పాచికను సగం చేస్తే గళ్ళు 8 రెట్లు, గంతులు 2 రెట్లు, మొత్తం పని 16 రెట్లు. 1966 నాటి యంత్రాలకు ఇది తలకు మించిన భారం. ఆ పేపర్ని చాలా ఏళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదంటే ఆశ్చర్యమేముంది?

ఒక సంగతి మాత్రం దాచకు. ఆ గంతు హద్దుకి కేన్ యీ రాసిన షరతు తప్పు. 1975లో టాఫ్లోవ్, బ్రాడ్విన్ సరిదిద్దారు. ఈ పాచికల పద్ధతికి ఎఫ్‌డీటీడీ (ఫైనైట్ డిఫరెన్స్ టైమ్ డొమైన్) అన్న పేరు కూడా టాఫ్లోవ్ 1980లో పెట్టిందే. కుర్రతనంలో నేను, ఆ పేరు పెట్టింది కేన్ యీ అని ధీమాగా రాసేశాను. అచ్చయిన వారానికే రిటైరైన మాస్టారొకాయన కార్డు రాశారు: "టాఫ్లోవ్ పేపరు చూశారా?" చూడలేదు. మళ్ళీ ఏది రాయాలన్నా టెన్షనే.

గళ్ళ అంచున తరంగాల్ని మింగేసే 1994 నాటి బెరాంజే పొర గురించి నాలుగు వాక్యాలు చాలు. గడుల అడవికి ఎక్కడో ఒక చోట గట్టు వెయ్యాలి, గట్టుకి తగిలిన తరంగం వెనక్కి రాకూడదు. ఆ ఇబ్బంది ముందు చెబితే ఆ పొర ఎందుకో పాఠకుడికి దానంతటదే తెలుస్తుంది.

తిరగరాసి పంపు. 36 గళ్ళ పలక బొమ్మ మాత్రం నువ్వే స్కేలు పెట్టి గియ్యి. ఏ గళ్ళలో ఆవేశం ఎక్కువ చేరుతుందో పెన్సిల్‌తో ముదురుగా దిద్దు. మూలల్లో తప్పు చేశావేమో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు